ఒట్టు పెట్టుకున్నది తెలుగులో

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ డైరీ కొత్త సంవత్సరానికి షేవింగ్ సబ్బుల ఏజెంటు ఇచ్చాడు. నెల రోజులుగా షాపులో అద్దం కింద పడి ఉంది. రాసుకోవడానికి నాకేముంటుంది? ఉన్న కబుర్లన్నీ సోమవారం సోమవారం బావకి చెప్పేసేవాణ్ణి. ఇక చెప్పను. చచ్చినా చెప్పను. ఇవాళ్టి నుంచి అన్నీ నీకే.

సోమవారం మా ఇద్దరి షాపులకీ సెలవు. బావ మా ఆవిడకి స్వయానా అన్నయ్య కాబట్టి నా పెళ్ళైన కొత్తలోనే మొదలైంది ఈ అలవాటు. నేను రోడ్డు దాటి బావ షాపుకి వెళ్ళి బావకి గడ్డం గీస్తాను. ఆ తరవాత అదే కుర్చీలో నేను కూర్చుంటే బావ నాకు గీస్తాడు. మా పనిలో ఉన్నవాడు తన గడ్డం తాను గీసుకోకూడదని మా ఇద్దరి సిద్ధాంతం. ఎదుటివాడి చెంప మీద సాఫీగా నడిచే చేయి సొంత చెంప మీదికి వచ్చేసరికి దారి తప్పుతుంది.

ఇవాళ కూడా ముందు బావకి గీశాను. వెన్నలా గీశాను. తరవాత నేను కూర్చున్నాను. బావ నురగ పట్టించాడు. కత్తి నా చెవి కింద ఆనించాడు, తీశాడు. మళ్ళీ ఆనించాడు, మళ్ళీ తీశాడు. చివరికి బల్ల మీద పడేశాడు.

"నీది గడ్డం కాదు బావా, ఇనపతీగ. నా బ్లేడ్లన్నీ పాడైపోతున్నాయి. నీ గడ్డం నువ్వే గీసుకో, పో," అన్నాడు.

హాస్యమనుకుని నవ్వాను. బావ నవ్వలేదు. దాంతో నాకు ఒళ్ళు మండింది. నీ కుర్చీ కిర్రుమంటుంది అన్నాను, నీ తువ్వాళ్ళు కంపు కొడతాయి అన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. ఇక నీతో మాట్లాడితే ఒట్టు అన్నాను. "నాకూ ఒట్టే," అన్నాడు. మొహం నిండా నురగతో రోడ్డు దాటాను. మందుల షాపు వాడు బయటికొచ్చి మరీ చూశాడు.

తన గడ్డం గీయించుకున్నాక అన్నాడు ఈ మాట! అదీ నాకు మండేది.

ఫిబ్రవరి 4

గీసుకున్నాను. రెండు చోట్ల తెగింది. ఫర్వాలేదు.

ఫిబ్రవరి 5, బుధవారం

మా అమ్మాయి లైబ్రరీ మేడ మీద సాయంత్రాలు ఫ్రెంచి చెప్తుంది. ఎనిమిది మంది లేకపోతే ఆ గది సంగీతం క్లాసుకి ఇచ్చేస్తారట. తనకి ఉన్నది ఆరుగురు.

"నాన్నా, నువ్వొచ్చి కూర్చుంటే చాలు. నేర్చుకోనక్కర్లేదు," అంది.

మనుషుల్ని కూర్చోబెట్టడం నా పని గానీ కూర్చోవడం కాదన్నాను. అయినా ఒక్కగానొక్క కూతురు, కాదనలేకపోయాను. వాళ్ళమ్మని కూడా రమ్మంటే, "నేను రాను తల్లీ. ఉన్న ఒక్క భాషతోనే మీ నాన్నకీ మీ మావయ్యకీ మధ్య చచ్చిపోతున్నాను," అందిట.

వెళ్ళేసరికి ఎనిమిదో మనిషి కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. బావ! అమ్మాయి అటు మేనమామ కాళ్ళు కూడా పట్టుకుందన్నమాట. నేను సరిగ్గా ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. నన్ను దాటి గోడని చూస్తున్నాడు. కుర్చీ బరబరా లాగితే గానీ తల తిప్పలేదు. ఏం నటన! కళ్ళు నెత్తికెక్కాయి మనిషికి.

ఫిబ్రవరి 10, సోమవారం

ఏమీ తోచలేదు. షాపు కడిగాను. సాయంత్రం మళ్ళీ కడిగాను.

ఫిబ్రవరి 12, బుధవారం

ఇవాళ క్లాసులో నాదే పైచేయి.

పాఠం ఏమిటంటే, ఫ్రెంచివాళ్ళు పొద్దున లేచింది మొదలు తమకి తాము చేసుకునే పనులన్నిటికీ ఒక తోకముక్క తగిలిస్తారు. నాకైతే 'మ', నీకైతే 'త', వాడికీ ఆవిడకీ 'స'. తోక కాదు నిజానికి, మాటకి ముందొస్తుంది. గీయడం 'రాజే'. గీసుకోవడం 'స రాజే'. జ రాజ్ అంటే గీస్తాను, జ మ రాజ్ అంటే గీసుకుంటాను. కడగడం వేరు, కడుక్కోవడం వేరు. దువ్వడం వేరు, దువ్వుకోవడం వేరు.

అందరూ తలలు పట్టుకున్నారు. బేకరీ ఆవిడ, "మధ్యలో ఆ 'మ' ఎందుకమ్మా, అది లేకపోతే ఏం పోయింది?" అని దీనంగా అడిగింది. నేను లేచి, "ఇందులో ఏముందండీ, మన 'కో' లాంటిదే. మనం వెనక తగిలిస్తాం, వాళ్ళు ముందు తగిలిస్తారు," అన్నాను. అమ్మాయి కళ్ళు ఇంతింత చేసుకుని, "నాన్నా! నేను ఇన్నాళ్ళూ ఇంత బాగా చెప్పలేకపోయాను," అంది. కిటికీ వైపు ఓరగా చూశాను. బావ పెదవి ఒక పక్కకి వంగింది. మెచ్చుకోలో వెటకారమో తెలియలేదు.

తరవాత నన్నే లేపి పొద్దున ఏం చేస్తావో చెప్పమంది.

"జ రాజ్," అన్నాను.

"ఎవర్ని?"

"కస్టమర్ని."

"మరి నిన్ను?"

క్లాసంతా నా గడ్డం వైపు చూసింది. మూడు చోట్ల ప్లాస్టరు ముక్కలు. "జ మ రాజ్," అన్నాను తల ఎత్తుకుని.

ఫిబ్రవరి 15

పోస్ట్‌మాన్ బావ దగ్గర క్రాపు చేయించుకుని వస్తూ కనబడ్డాడు. కుడి చెంప దగ్గర జుట్టు చెవి పైదాకా ఎగిరిపోయింది, ఎడమవైపు చెవి కిందికి దిగింది. మొహమే పక్కకి ఒరిగినట్టుంది పాపం. నిన్న మా ఫ్రెంచి క్లాసులోని డ్రైవింగ్ స్కూలు మాష్టారిదీ అదే వరస. కత్తి పట్టడమే మానేశాడట బావ, గడ్డాలు మిషనుతోనే లాగిస్తున్నాడట.

నాతో గొడవ పెట్టుకున్నాక బావకి పని మీద ధ్యాస పోయింది. అంతే. ఎంతైనా మనిషి మథనపడుతున్నాడు. నాకు రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

ఫిబ్రవరి 19, బుధవారం

ధర్మసంకటం.

అమ్మాయి చీటీలు వేసి జతలు కట్టింది. నాకు బావ వచ్చాడు. చీటీలన్నిటిలో ఏం రాసిందో విప్పి చూపించమన్నాను, "మస్యూ, ఈ గదిలో ఫ్రెంచి తప్ప మాట్లాడకూడదు," అని కన్నతండ్రిని ఫ్రెంచిలో 'అయ్యా' అని పిలిచి, చీటీలు చించి బుట్టలో వేసింది. నా పోలికే.

జతగా కూర్చుని ఒకరి దినచర్య ఒకరు అడగాలి. ఒట్టు సంగతేమిటి? బాగా ఆలోచించాను. ఒట్టు పెట్టుకున్నది తెలుగులో. మాట్లాడుకోబోయేది ఫ్రెంచిలో. ఏ న్యాయస్థానంలోనైనా నిలబడుతుంది ఈ వాదన. బావ కూడా అదే నిర్ణయానికి వచ్చినట్టున్నాడు, గొంతు సవరించుకుని ముందు తనే మొదలుపెట్టాడు.

"నువ్వు ఎన్నింటికి లేస్తావు?" అన్నాడు ఫ్రెంచిలో.

"అయిదింటికి లేస్తాను," అన్నాను. అబద్ధం. "నువ్వు?"

"నాలుగింటికి." పచ్చి అబద్ధం.

"పళ్ళు తోముకుంటావా?" అన్నాను.

"తోముకుంటాను. నువ్వు స్నానం చేస్తావా?" అన్నాడు. ఆ అడగడంలోనే ఉంది విషం.

"రోజూ చేస్తాను. నువ్వు తల దువ్వుకుంటావా?" అన్నాను. బావది బట్టతల. వెనక బెంచీలో బేకరీ ఆవిడ కిసుక్కుమంది.

బావ తాపీగా అడిగాడు. "తు త రాజ్?"

"వీ. జ మ రాజ్." అవును, గీసుకుంటాను అన్నాను.

అప్పుడు బావ కుర్చీ ముందుకు జరుపుకుని, ముక్కు ముక్కుకి తగిలేంత దగ్గరికి వచ్చి, నా గడ్డం మీది గాట్లన్నీ ఒక్కొక్కటే పరిశీలించాడు. "త్రే బ్యాఁ," అన్నాడు. భేషుగ్గా ఉందట! క్లాసు క్లాసంతా పగలబడి నవ్వింది. నేను నవ్వలేదు. ఇంటికొచ్చి, తలుపేసుకుని, అప్పుడు నవ్వాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఇంత పనికొచ్చే భాష అనుకోలేదు. కోపం తెచ్చుకోవడం, ఎగతాళి చేయడం, పొరపాటు పడడం, నోరు మూసుకోవడం, అన్నిటికీ ఆ 'మ, త, స' ఉంది. మధ్యాహ్నం కస్టమర్లు లేనప్పుడు ఒక్కొక్కటీ బట్టీ పట్టాను. సాయంత్రం బావ మీద వరసగా ప్రయోగించాను. బావ కూడా ఖాళీ చేతులతో రాలేదు. నేను 'తే త్వా' అని నోరు మూయించేలోపే తను రెండుసార్లు మూయించాడు.

బావ పుస్తకం ముట్టుకోడు. అన్నీ కంఠతా వచ్చు. మేనకోడలు చదివి వినిపిస్తే చాలంటాడు. వట్టి ఫోజు.

క్లాసు కోసం ఎదురుచూస్తున్నానని మా ఆవిడ అంటోంది. ఎదురుచూసేది భాష కోసం.

ఫిబ్రవరి 24, సోమవారం

కడగడానికి షాపులో ఏమీ మిగల్లేదు.

ఫిబ్రవరి 26, బుధవారం

ఇవాళ కొత్త సంగతి. ఇద్దరు మనుషులు ఒకరికొకరు చేసుకునే పనులకి కూడా ఇవే మాటలట. 'ను ను' అనాలి. మేము కొట్టుకున్నాం, తిట్టుకున్నాం, రాసుకున్నాం, చూసుకున్నాం. మనకీ అంతేగా. తలా ఒక వాక్యం చెప్పమంది అమ్మాయి. బేకరీ ఆవిడ తానూ వాళ్ళాయనా ఫోన్లు చేసుకుంటామని చెప్పి సిగ్గుపడింది.

బావ లేచాడు. నా వైపు తిరిగి స్పష్టంగా, "మేము మాట్లాడుకోము," అన్నాడు ఫ్రెంచిలో.

"అవును, మాట్లాడుకోము," అన్నాను నేను కూడా ఫ్రెంచిలో.

"చాలా కాలంగా మాట్లాడుకోవడం లేదు."

"అసలు మాట్లాడుకోము."

ఇలా మాట్లాడుకోమని చాలాసేపు మాట్లాడుకున్నాం. అమ్మాయి పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది.

నా వంతు వచ్చింది. 'ను ను రాజోఁ' అని నోటిదాకా వచ్చింది. మేము ఒకరికొకరం గడ్డం గీసుకుంటాం. ఈ భూమ్మీద ఆ వాక్యం నిజంగా చెప్పగలిగినవాళ్ళం మేమిద్దరమే అయి ఉంటాం. ఇంకేదో చెప్పి కూర్చున్నాను.

మార్చి 5, బుధవారం

ఇవాళ్టిది రాయడం కష్టంగా ఉంది.

అమ్మాయి నా షాపులోంచి చేతి అద్దం తీసుకొచ్చింది, మెడ వెనక క్రాపు చూపించడానికి వాడేది. ఒక్కొక్కరూ అద్దం చూసుకుంటూ ఏదో ఒకటి చెప్పాలి. బేకరీ ఆవిడ, "నన్ను చూసుకుంటున్నాను, లావయ్యాను," అంది. డ్రైవింగ్ మాష్టారు తన చెంపల జుట్టు వంక చూసుకుని, "ఆశ్చర్యపోతున్నాను," అన్నాడు. నేను బావని చూసి మీసం మెలేశాను.

అద్దం బావ చేతికి వెళ్ళింది. దగ్గరికి పెట్టుకున్నాడు. దూరంగా పెట్టుకున్నాడు. కిటికీ వెలుతురు వైపు తిప్పాడు. మళ్ళీ దగ్గరికి.

"జ మ ర్గార్ద్," అన్నాడు. చాలాసేపు ఆగి, మెల్లగా, "మే... జ న మ వ్వా పా," అన్నాడు.

"బ్రావో మావయ్యా!" అని ఎగిరి గంతేసింది అమ్మాయి. "రెండు వాక్యాలు! ఒక్క తప్పు లేదు! 'కాదు' అనే మాటలు కూడా ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టావు!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతూ కొడుతూ ఆ రెండు వాక్యాల్ని తెలుగులోకి తిప్పుకున్నాను.

నన్ను నేను చూసుకుంటున్నాను. కానీ నేను నాకు కనబడటం లేదు.

నా చేతులు ఆగిపోయాయి. బావ నవ్వుతున్నాడు, అద్దం ఎవరికి అందించాలో తెలియక గాల్లో పట్టుకుని.

క్లాసయ్యాక బావ మెట్లు దిగుతుంటే వెనకే దిగాను. ప్రతి మెట్టుకీ ముందు పాదంతో తడిమి, అప్పుడు దిగాడు. వీధి మలుపు దాకా చూశాను. పిలవలేదు. ఏ భాషలో పిలవాలో తోచలేదు.

మార్చి 6

షాపు ఆలస్యంగా తీశాను.

నా గడ్డం ఇనపతీగ కాదు. ముందు పుట్టింది ఆ సంతోషమే, సిగ్గులేకుండా రాస్తున్నాను. ఆ తరవాత భయం వేసింది. కత్తి ఆనించి తీయడం, మళ్ళీ ఆనించి తీయడం. పోస్ట్‌మాన్ చెంపలు. గోడని చూడడం. నా మొహం మీదికి ముక్కు తీసుకొచ్చి మరీ చూడడం. అవన్నీ నేనే నా చేత్తో ఇందులో రాశాను, రాసి నవ్వుకున్నాను. కళ్ళు నెత్తికెక్కాయని కూడా రాశాను.

చూపు పోతే బావ షాపు పోతుంది. షాపు పోతే బావ ఏమైపోతాడు? పొద్దున లేచి ఎక్కడికి వెళ్తాడు? నేను ఎవరి ఎదురుగా షాపు తీయాలి?

మా ఆవిడకి చెప్పలేదు. సోమవారం దాకా ఆగుతాను.

మార్చి 10, సోమవారం

రోడ్డు దాటాను. బావ షాపు తలుపు ఓరగా వేసి ఉంది. తన కుర్చీలో తనే కూర్చుని ఉన్నాడు, మాసిన గడ్డంతో.

"బావా," అన్నాను తెలుగులోనే.

"ఒట్టు," అన్నాడు.

"ఒట్టు తీసి గట్టున పెట్టు. ఎన్నాళ్ళ నుంచి కనబడటం లేదు?"

"కనబడకేం? నువ్వు కనబడుతూనే ఉన్నావు. ఇద్దరు కనబడుతున్నావు. ఒక్కణ్ణే భరించలేక చస్తుంటే."

నవ్వకుండా ఉండడానికి నానా తంటాలు పడ్డాను. బావ గొంతు తగ్గించాడు.

"ఆ రోజు నీకు రెండు చెవులు కనబడ్డాయి బావా."

"నాకున్నవి రెండేగా."

"ఒకే పక్కన."

తలుపు పూర్తిగా మూసి వచ్చాను.

"నాతో చెప్పొచ్చుగా," అన్నాను.

"చెప్తే ఏమంటావు? 'ఏం కాదు, గీసెయ్' అంటావు. అని మెడ చాపుకుని కూర్చుంటావు కూడా. నువ్వంత మూర్ఖుడివని నాకు తెలీదా? నా చెల్లెలి మొగుడి మెడ అది. అందుకే తిట్టాను. తిడితే గానీ లేచేవాడివి కాదు."

"మరి క్లాసులో అందరి ముందూ ఎలా చెప్పావు?"

"తెలుగులో ఎన్నిసార్లు అనుకున్నానో, గొంతు దాటి రాలేదు. ఫ్రెంచిలో అయితే హోంవర్కులా అనిపించింది." ఆగి, "బాగానే చెప్పానుగా? తప్పుల్లేవుగా?" అన్నాడు.

కళ్ళ డాక్టరు దగ్గరికి అప్పుడెప్పుడో వెళ్ళాడట. పొర వచ్చింది, ఆపరేషన్ చేస్తే పోతుందన్నారట. అది విని పారిపోయి వచ్చాడట. "కంట్లో కత్తి పెడతారట బావా," అన్నాడు. జీవితమంతా జనం గొంతుల మీద కత్తి పెట్టినవాడు!

"నీ కత్తి కింద కూర్చున్న ఒక్క మనిషైనా పారిపోయాడా?" అన్నాను.

"నేనేం చేస్తానో నాకు తెలుసు. వాళ్ళేం చేస్తారో నాకేం తెలుసు?"

బలమైన వాదనే. నేనూ ఆపరేషన్ గదిలోకి వస్తానన్నాను. లోపలికి రానివ్వకపోతే తలుపు దగ్గర నిలబడి ఫ్రెంచిలో పాఠాలు అప్పజెప్తానన్నాను. దానికి ఒప్పుకున్నాడు. తరవాత బావకి గడ్డం గీశాను. నన్ను కూర్చోమనలేదు, నేనూ కూర్చోలేదు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ ముందు ఏడ్చింది. తరవాత మాకిద్దరికీ కలిపి పెట్టింది చీవాట్లు.

మార్చి 14, శుక్రవారం

ముందు కుడి కన్ను. ఆపరేషన్ గది బయట అద్దాల తలుపు దగ్గర నన్ను నిలబెట్టారు. కళ్ళ డాక్టరు చిన్నపిల్లే, మా అమ్మాయి వయసుంటుంది. బావ పడుకునే ముందు ఆ పిల్లని ఇంటర్వ్యూ చేశాడు.

"బ్లేడు కొత్తదేనా అమ్మా?"

"కొత్తదేనండీ."

"ఒకరికి వాడింది ఇంకొకరికి వాడరు కదా?"

"వాడమండీ."

"చేయి తడారిపోయిందా? తడి చేత్తో పట్టుకుంటే జారుతుంది."

"ఆరిందండీ."

"టిఫిను తిన్నావా? ఖాళీ కడుపుతో చేయి వణుకుతుంది."

"తిన్నానండీ. మీరు ఇక మాట్లాడకుండా, కదలకుండా ఉండాలి."

"ఆ మాట నేను రోజూ చెప్పేదే," అని కళ్ళు పైకెత్తి పడుకున్నాడు.

నేను బయట 'జ మ లెవ్, జ మ లావ్', లేస్తాను, కడుక్కుంటాను అని మొదటి పాఠం నుంచి చదివాను, వినబడిందో లేదో. నర్సు రెండుసార్లు వచ్చి ఊరుకోమంది. మూడోసారి వచ్చి అయిపోయిందని చెప్పింది. గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను.

మార్చి 17

కట్టు విప్పినప్పటి నుంచి బావ మనిషి మనిషిలో లేడు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని షాపు గుమ్మంలో నిలబడ్డాడు. పోస్ట్‌మాన్ అటుగా వెళ్ళాడు. బావ కళ్ళద్దాలు ఎత్తి చూసి, తల పట్టుకుని, "బాబూ, ఇలా రా. ఎవడయ్యా నీకు ఇంత దారుణం చేసింది?" అన్నాడు.

"మీరేనండీ."

"మరి నోరు విప్పి చెప్పవేం?"

"పెద్దవారు, ఏదో కొత్త ఫ్యాషన్ అనుకున్నానండీ."

నెల తరవాత ఎడమ కన్నుకి కూడా చేస్తారు. అందాకా షాపు తెరవొద్దని డాక్టరు గట్టిగా చెప్పింది. అందుకని పోస్ట్‌మాన్‌నీ డ్రైవింగ్ మాష్టారినీ నేనే సరిచేశాను. బావ పక్కన నిలబడి, "ఇంకొంచెం పైకి, ఇంకొంచెం," అని నా ప్రాణం తీశాడు.

మార్చి 31, సోమవారం

బావ కబురు పంపలేదు. నేనే వెళ్ళాను. ముందు బావకి గీశాను, జాగ్రత్తగా, కంటి దగ్గరికి నురగ పోకుండా. లేచి కుర్చీ దులిపి, "కూర్చో," అన్నాడు.

కూర్చున్నాను. బావ నల్ల కళ్ళద్దాలు తీసి, నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పాత గాటు, కొత్త గాటు, గీత తప్పిన మీసం, చెవి కింద వదిలేసిన వెంట్రుకల పట్టీ.

"ఏమయ్యా, ఎవడు గీశాడిది?" అన్నాడు చివరికి.

"నేనే గీసుకున్నాను."

"ఇన్నాళ్ళూ ఇలాగే తిరిగావా ఊళ్ళో?"

"తిరిగాను."

"నాకెవరూ చెప్పలేదేం?"

బావ వెనక్కి తిరిగి బ్రష్షు తడిపాడు, చాలాసేపు తడిపాడు. నురగ పట్టించాడు. చల్లటి వేళ్ళు నా నుదుటి మీద పెట్టి తల వెనక్కి వంచాడు. కత్తి చెవి కింద ఆనింది. ఆగలేదు. ఒక్క ఊపులో మెడ దాకా దిగింది. సరసరా చప్పుడు. ఆ చప్పుడు విని ఎన్ని వారాలైందో. నాకు ఏడుపొచ్చింది. ఆపుకుందామనుకున్నాను, భుజాలు వినలేదు.

"కదలకు," అన్నాడు బావ.